విదేశీ ప్రయాణంలో విరేచనాలు పట్టుకుంటే: కారణం కనిపెట్టడం, సరైన పరీక్ష చేయించుకోవడం ఎలా

సంక్రాంతికి, విజయనగరంలో సిరిమాను పండగకి విదేశాల నుంచి జనం దిగగానే ఈ ప్రశ్న మొదలవుతుంది. "అమెరికా నుంచి మనవలు వచ్చారు, మూడో రోజు నుంచి మోషన్స్. ఏ టెస్టు చేయించాలి?" అటువైపు నుంచి, శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ఊళ్ళ నుంచి గల్ఫ్‌కీ మలేషియాకీ పనికి వెళ్ళినవాళ్ళు అడుగుతారు: "ఇక్కడ నీళ్ళు పడలేదు, మాత్ర పేరు చెప్పండి."

మాత్ర పేరు ఇక్కడ దొరకదు. అది మిమ్మల్ని చూసిన డాక్టరు రాయాలి. కారణం ఎక్కడ వెతకాలో, డాక్టరు దగ్గరికి ఏం రాసుకుని వెళ్ళాలో, ఏ పరీక్షకి డబ్బు పెట్టాలో, దేనికి అక్కర్లేదో చెబుతాను. చాలా కేసుల్లో జవాబు ల్యాబ్ కంటే ముందు తేదీల్లోనే దొరుకుతుంది.

## 1. ముందు నీళ్ళు, తర్వాతే కారణం

ఒంట్లోంచి పోయిన నీరు, ఉప్పు తిరిగి వెళ్ళాకే మిగతా ఆరా. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళలో కలపమని ఉందో చదవండి. పెద్ద ప్యాకెట్ లీటరుకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. పెద్ద ప్యాకెట్‌లో సగం పొడి గ్లాసులో వేసి తాగడం తప్పు, ఉప్పు ఎక్కువైపోతుంది. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి.

ప్యాకెట్ దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. స్పూన్లు అంచుకి సమంగా ఉండాలి, కుప్పగా కాదు. గంజి, పలుచని చోడి (రాగి) అంబలి, మజ్జిగ కూడా పట్టొచ్చు. కూల్‌డ్రింకులు, డబ్బాల్లో అమ్మే తియ్యటి పళ్ళ రసాలు ఓఆర్ఎస్‌కి బదులు కావు. వాటిలోని చక్కెర విరేచనాలను పెంచుతుంది.

ప్రతి విరేచనం తర్వాత 2 ఏళ్ళ లోపు పిల్లలకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, 2 నుంచి 10 ఏళ్ళ వాళ్ళకి 100 నుంచి 200, ఆ పైవాళ్ళకి తాగగలిగినంత. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో కొంచెం కొంచెంగా మళ్ళీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపకూడదు.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా చదవడం ఆపి ఆసుపత్రికి బయల్దేరండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

- 6 నుంచి 8 గంటలుగా మూత్రం రాలేదు, లేదా చాలా చిక్కటి రంగులో కొద్దిగా వస్తోంది
- మలంలో రక్తం
- 38.5 డిగ్రీల సెల్సియస్, అంటే సుమారు 101 ఫారన్‌హీట్ దాటిన జ్వరం
- బియ్యం కడిగిన నీళ్ళలా ఆగకుండా విరేచనాలు
- ఏం తాగినా వాంతి
- మగత, తడబాటు, కళ్ళు లోపలికి పోవడం. చంటిపిల్లలు ఏడ్చినా కన్నీళ్ళు రాకపోవడం
- గర్భిణి, ఆరు నెలల లోపు బిడ్డ, వృద్ధులు, షుగరు లేదా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు

ఉద్దానం వాళ్ళకి విడిగా ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో ఎవరికీ చెప్పక్కర్లేదు. అప్పటికే నలిగిన కిడ్నీలకి రెండు రోజుల నీళ్ళ విరేచనాలు పెద్ద దెబ్బ. దాని మీద ఒంటి నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర పడితే ఇంకా ముప్పు. అవి వద్దు. బీపీ మాత్రలు, నీరు తీసే మాత్రలు, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు విరేచనాలు తగ్గేవరకు వాటిని కొనసాగించాలా ఆపాలా అన్నది అదే రోజు డాక్టరుని అడగాలి, సొంతంగా తేల్చుకోకూడదు. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళు ఓఆర్ఎస్ కూడా అడిగే తాగాలి, అందులో పొటాషియం ఉంటుంది. ఉద్దానం మనిషికి విరేచనాలు గట్టిగా పట్టుకుంటే మలపరీక్ష కంటే ముందు రాయాల్సింది కిడ్నీల పనితీరు, ఒంట్లో ఉప్పుల లెక్క చూపే క్రియాటినిన్, యూరియా, సోడియం, పొటాషియం రక్తపరీక్షలు. డాక్టరు రాయకపోతే మీరే అడగండి, మొహమాటం వద్దు.

## 2. ఏ స్థాయిలో ఉందో తేల్చుకోండి

24 గంటల్లో మూడు లేదా అంతకు మించి పలుచగా వెళ్ళి, దానితో పాటు కడుపులో మెలి, వికారం, వాంతి, జ్వరం, ఆపుకోలేనంత తొందర, రక్తం వీటిలో ఒక్కటైనా ఉంటే ప్రయాణికుల విరేచనాలు అంటారు. రోజుకి ఒకసారి కొంచెం పలుచగా అయితే ఆందోళన పడక్కర్లేదు.

- తేలిక: ఇబ్బంది ఉంది, పనులు మాత్రం ఆగలేదు. పరీక్ష అక్కర్లేదు.
- మధ్యస్థం: పనులకి అడ్డం పడుతోంది. డాక్టరు సలహా తీసుకోవాలి.
- తీవ్రం: మంచం దిగలేరు. రక్తం పడితే ఎన్నిసార్లు అయ్యిందన్న లెక్క లేకుండా తీవ్రమే.

ఇది ఎన్నిసార్లు వెళ్ళారన్నదాని కంటే మనిషి ఎలా ఉన్నాడన్నది చూసే పద్ధతి. అదే సరైనది.

## 3. తేదీల కాగితం

ఈ పని ఎవరూ చేయరు, కానీ డాక్టరుకి అన్నిటికంటే ఉపయోగపడేది ఇదే. ఒక తెల్ల కాగితం తీసుకుని కింది వరుసలో రాయండి.

1. ఏ దేశం, ఏ ఊరు, ఏ తేదీన దిగారు, ఏ తేదీన బయల్దేరారు. మధ్యలో ఆగిన విమానాశ్రయాలు కూడా.
2. మొదటి పలుచటి విరేచనం ఏ తేదీ, ఏ గంటకి.
3. దానికి ముందు మూడు రోజులు ఏం తిన్నారు, ఎక్కడ. ఇంటి తిండి కూడా రాయండి.
4. మీతో తిన్నవాళ్ళలో ఇంకెవరికి వచ్చింది, ఎన్ని గంటల తేడాతో.
5. ముందు వాంతా, ముందు విరేచనమా, ముందు జ్వరమా.
6. గత మూడు నెలల్లో వాడిన యాంటీబయాటిక్స్, కొత్తగా మొదలైన మందులు.
7. చెరువులో, నదిలో, స్విమ్మింగ్ పూల్‌లో దిగారా.

ఇప్పుడు తినడానికీ విరేచనాలకీ మధ్య గడిచిన సమయం చూడండి.

1 నుంచి 6 గంటలు, ముందు వాంతులు. ఆహారంలో ముందే తయారైన విషం. చేత్తో కలిపి వదిలేసిన వాటిలో స్టెఫిలోకాకస్, వండి బయట ఉంచేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్. ఒక రోజులో సర్దుకుంటుంది, యాంటీబయాటిక్ పనిచేయదు. పరాయి దేశం తిండిని తిట్టేముందు మన సంచిలో ఏం పెట్టుకున్నామో గుర్తు చేసుకోండి. శ్రీకాకుళంలో తెల్లవారుజామున కట్టిన పెరుగన్నం విశాఖ దాటి, మధ్యలో విమానం మారి, రాత్రికి దోహాలోనో మస్కట్‌లోనో విప్పి తింటే అది ఏ దేశపు జబ్బు?

8 నుంచి 16 గంటలు, కడుపులో మెలి, జ్వరం లేదు. పెద్ద గిన్నెల్లో వండి గంటల తరబడి గోరువెచ్చగా ఉంచిన మాంసం మీద అనుమానం. విందు భోజనాల్లో, క్యాంపు మెస్సుల్లో ఒకేసారి పదిమందికి వచ్చేది ఇలాగే. కారణం క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా.

12 నుంచి 48 గంటలు, వాంతులు ఉధృతం, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి. నోరోవైరస్. ఒకే గది పంచుకునేవాళ్ళలో, ఓడల్లో బాగా పాకుతుంది. శానిటైజర్‌ని నమ్ముకుంటే లాభం లేదు, సబ్బుతో చేతులు కడగాలి.

6 నుంచి 72 గంటలు, నీళ్ళ విరేచనాలు. బాక్టీరియా. ప్రయాణికుల విరేచనాల్లో పదింట ఎనిమిదో తొమ్మిదో ఇవే. అందులోనూ ఎక్కువసార్లు దొరికేది విషం పుట్టించే ఈ.కోలి రకం. రక్తం, జ్వరం తోడైతే షిగెల్లా, కాంపిలోబాక్టర్, సాల్మొనెల్లా వైపు చూస్తారు. థాయ్‌లాండ్ వైపు టూరుకి వెళ్ళినవాళ్ళలో కాంపిలోబాక్టర్‌ని ముందు అనుమానించాలి.

1 నుంచి 2 వారాల తర్వాత నెమ్మదిగా మొదలైతే. జియార్డియా లాంటి పరాన్నజీవి. తిరిగి వచ్చి పదిరోజులయ్యాక మొదలైంది కాబట్టి ప్రయాణానికి సంబంధం లేదనుకోవడం ఇక్కడే దెబ్బ తీస్తుంది. పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రకి నేపాల్ వెళ్ళి వచ్చినవాళ్ళు ఆ మాట తప్పకుండా చెప్పాలి. వేసవి, వానాకాలాల్లో అక్కడ సైక్లోస్పోరా అనే పరాన్నజీవి ఉంటుంది. డాక్టరు ప్రత్యేకంగా రాయకపోతే ల్యాబ్‌లో దాన్ని వెతకరు.

ఈ గంటల లెక్క ఒక దారి చూపిస్తుంది, తీర్పు చెప్పదు. ఒకదాని మీద ఒకటి ఎక్కే గడువులు ఇవి.

విదేశాల్లో ఉండి ఊరికి వచ్చేవాళ్ళ సంగతి. "ఇక్కడ పుట్టినవాడికి ఇక్కడి నీళ్ళు పడకపోవడమేంటి?" అని పెద్దవాళ్ళు నవ్వుతారు. చాలా ఏళ్ళు దూరంగా ఉంటే చిన్నప్పటి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అక్కడే పుట్టిన పిల్లలకి అది అసలే ఉండదు. పైగా వీళ్ళు హోటల్లో ఉండరు. బంధువుల ఇళ్ళలో బోరు నీళ్ళు తాగుతారు, సిరిమానుకి ముందురోజు తొలేళ్ళ రాత్రి బండి మీద కోసిన పళ్ళు తింటారు. వాళ్ళ కాగితంలో ఊళ్ళో ఇంకెవరికైనా విరేచనాలు ఉన్నాయా అన్నది రాయాలి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో విరేచనాలు ఊరంతా పాకాయి. అలాంటప్పుడు అది ప్రయాణం జబ్బు కాదు, ఊరి నీటి సమస్య. ఏఎన్ఎంకి, పీహెచ్‌సీకి వెంటనే చెప్పాలి.

## 4. మలం ఎలా ఉందో చూడండి

అసహ్యపడకుండా చూసి రాయండి. ఫోన్‌లో ఒక ఫోటో తీసుకున్నా తప్పులేదు, డాక్టర్లకి అలవాటే.

- నీళ్ళలా ఎక్కువ మొత్తంలో, రక్తం లేదు: చిన్నపేగు సమస్య. విషం పుట్టించే బాక్టీరియా, వైరస్.
- కొద్దికొద్దిగా, జిగటతో, రక్తంతో, ముక్కితే నొప్పి: పెద్దపేగు సమస్య. షిగెల్లా, కాంపిలోబాక్టర్, అరుదుగా అమీబా.
- నూనె తేలుతూ, భరించలేని వాసనతో, కడుపు ఉబ్బరం, కుళ్ళిన గుడ్డు వాసన తేన్పులు: జియార్డియా.

ఐరన్ మాత్రలు వేసుకుంటే మలం నల్లగా వస్తుంది. ఆ సంగతి ముందే చెప్తే అనవసరపు కంగారు ఉండదు.

## 5. జ్వరం ఉంటే కడుపు మీదే చూపు పెట్టకండి

ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళకి, లేదా ఇటు సీతంపేట లాంటి ఏజెన్సీ ప్రాంతంలో తిరిగినవాళ్ళకి జ్వరంతో విరేచనాలు వస్తే మొదటి పరీక్ష మలేరియాకి. మలేరియా విరేచనాలతో మొదలవ్వచ్చు, ముఖ్యంగా పిల్లల్లో. ఒకసారి నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మళ్ళీ చేయించాలి.

వారం దాటి జ్వరం మెట్లెక్కుతున్నట్టు పెరుగుతుంటే టైఫాయిడ్ అనుమానం. మన దగ్గర వెంటనే విడాల్ టెస్టు చేయిస్తారు. దాని మీద గట్టిగా ఆధారపడలేం: టైఫాయిడ్ లేనివాళ్ళకీ పాజిటివ్ రావచ్చు, ఉన్నవాళ్ళకీ మొదటి వారంలో నెగెటివ్ రావచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీసిన బ్లడ్ కల్చరే (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) నమ్మదగింది.

## 6. క్రిములు కాని కారణాలు

మెట్‌ఫార్మిన్ కొత్తగా మొదలైందా? మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందు తాగుతున్నారా? మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ వేసుకుంటున్నారా? షుగర్‌లెస్ చూయింగ్ గమ్ అదేపనిగా నమిలారా? ఇవన్నీ పలుచగా చేస్తాయి.

ఓడల మీద, సముద్రం పనుల్లో ఉండేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. చేప తిన్న గంట లోపే ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు, విరేచనాలు వస్తే ఐస్‌లో సరిగా పెట్టని చేపలో పేరుకున్న హిస్టమిన్ కారణం కావచ్చు. పగడపు దిబ్బల దగ్గర పట్టిన పెద్ద చేప తిన్నాక విరేచనాలతో పాటు పెదాలు, వేళ్ళు తిమ్మిరెక్కి, చల్లటి వస్తువు ముట్టుకుంటే మంట పుడితే అది సిగ్వాటెరా అనే విషం. వండినా పోదు.

## 7. పరీక్ష ఎవరికి కావాలి

చాలామందికి అక్కర్లేదు. రక్తం లేని, జ్వరం లేని నీళ్ళ విరేచనాలు మూడు నుంచి ఐదు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. రిపోర్టు వచ్చేలోపు మనిషి లేచి తిరుగుతాడు.

మలపరీక్ష కావాల్సింది వీళ్ళకి:

- రక్తం లేదా ఎక్కువ జ్వరం ఉన్నవాళ్ళు
- మంచం పట్టేంత తీవ్రంగా ఉన్నవాళ్ళు
- 14 రోజులు దాటినవాళ్ళు
- యాంటీబయాటిక్ వాడినా తగ్గనివాళ్ళు
- రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు, ఉదాహరణకి కిడ్నీ మార్పిడి తర్వాత మందులు వాడుతున్నవాళ్ళు
- హోటల్, మెస్ వంటవాళ్ళు. ఒకేచోట చాలామందికి వచ్చినప్పుడు

ఏ పరీక్ష దేనికి:

మామూలు మలపరీక్ష. సూక్ష్మదర్శినిలో చీము కణాలు, రక్తకణాలు, పరాన్నజీవులు చూస్తారు. ఊళ్ళో చిన్న ల్యాబ్‌లో కూడా చేస్తారు. పరాన్నజీవి ఒక్క శాంపిల్‌లో దొరక్కపోవచ్చు, వేర్వేరు రోజుల్లో మూడు ఇవ్వాలి.

స్టూల్ కల్చర్. షిగెల్లా, సాల్మొనెల్లా లాంటివి పెంచి చూసి, ఏ మందుకి లొంగుతాయో చెబుతారు. 2, 3 రోజులు పడుతుంది. ప్రయాణికుల్లో ఎక్కువగా ఉండే ఈ.కోలి రకాన్ని మామూలు కల్చర్ విడిగా గుర్తించలేదు. అందుకని కల్చర్ నార్మల్ అని వస్తే ఏమీ లేదని కాదు.

జియార్డియా యాంటిజెన్. మలంలో ఆ పరాన్నజీవి ఆనవాళ్ళు వెతుకుతుంది. రెండు వారాలు దాటిన ఉబ్బరం విరేచనాలకి మంచి పరీక్ష.

పీసీఆర్ ప్యానెల్. క్రిముల జన్యు పదార్థం ద్వారా ఒకేసారి చాలా క్రిములు వెతుకుతుంది. విశాఖ లాంటి చోట పెద్ద ల్యాబుల ద్వారా దొరుకుతుంది, ఖర్చు ఎక్కువ. ఒంట్లో ఊరకే ఉన్న క్రిమినీ పట్టి చూపిస్తుంది కాబట్టి రిపోర్టులో మూడు పేర్లు వస్తే మూడిటికీ మందులు వాడాలని కాదు.

## 8. శాంపిల్ ఇచ్చే వరుస

మంచి పరీక్ష కూడా చెడ్డ శాంపిల్‌తో పనికిరాదు.

1. వీలైతే మొదటి యాంటీబయాటిక్ మాత్ర పడకముందే ఇవ్వండి. మనిషి ప్రమాదంలో ఉంటే మాత్రం శాంపిల్ కోసం మందు ఆపకూడదు.
2. ముందు మూత్రం పోసేయండి. మలంలో మూత్రం, టాయిలెట్ నీళ్ళు కలవకూడదు.
3. శుభ్రమైన ప్లాస్టిక్ కవరు లేదా కాగితం మీద పట్టి, ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోకి చెంచాతో తీయండి. రక్తం, జిగట ఉన్న భాగాన్నే ఎంచుకోండి.
4. నీళ్ళలా ఉంటే అరగంటలో, లేకపోతే 2 గంటల లోపు ల్యాబ్‌కి చేరాలి. మందస కొండ దిగువ ఊరి నుంచి శ్రీకాకుళం తేవాలంటే ఈ గడువు దాటిపోతుంది. కాబట్టి ల్యాబ్ దగ్గరికి వెళ్ళి అక్కడే ఇవ్వడం మేలు, లేదా పాడవకుండా ఉంచే ద్రావణం ఉన్న డబ్బా ముందే అడిగి తెచ్చుకోండి.
5. డబ్బా మీద పేరు, తేదీ, గంట రాయండి. ల్యాబ్ చీటీ మీద ఏ దేశం వెళ్ళారో రాయమని అడగండి. అది చూస్తేనే టెక్నీషియన్ ప్రత్యేకమైన రంగు వేసి వెతుకుతాడు.

## 9. రిపోర్టు చేతికొచ్చాక

"పస్ సెల్స్ 4-6" అని చూసి ఇంట్లో అందరికీ టెన్షన్. కొద్దిపాటి చీము కణాలకే మందు అవసరమని లేదు, మనిషి ఎలా ఉన్నాడో కలిపి చూడాలి.

"అమీబా సిస్టులు (గట్టి పొరలో ఉన్న అమీబాలు) ఉన్నాయి" అన్న రిపోర్టు మీద నాకు మొదటినుంచీ అనుమానమే. జబ్బు చేసే ఎంటమీబా హిస్టోలిటికా, ఏ హానీ చేయని ఎంటమీబా డిస్పార్ రెండింటి సిస్టులూ సూక్ష్మదర్శినిలో ఒకేలా కనిపిస్తాయి. రక్తకణాలను మింగిన అమీబా కనబడితేనే, లేదా యాంటిజెన్, పీసీఆర్‌లో తేలితేనే గట్టిగా చెప్పగలం. ఏళ్ళ తరబడి "నాకు అమీబియాసిస్ ఉంది" అని మాత్రలు మింగేవాళ్ళలో చాలామందికి ఉన్నది వేరే సమస్య.

## 10. 14 రోజులు దాటితే

బాక్టీరియా ఇన్నాళ్ళు ఉండటం తక్కువ. ఈ వరుసలో వెతుకుతారు.

మొదట జియార్డియా, తర్వాత క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరా అనే పరాన్నజీవులు. గత రెండు మూడు నెలల్లో యాంటీబయాటిక్స్ వాడి ఉంటే క్లాస్ట్రీడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా విషం పరీక్ష తప్పనిసరి.

ఏ క్రిమీ దొరక్కపోతే పాలు తాగాకే ఉబ్బరం, పలుచటి విరేచనం అవుతున్నాయేమో గమనించండి. పేగు దెబ్బతిన్నాక కొన్ని వారాలపాటు పాలు అరగకపోవచ్చు. రెండు వారాలు పాలు మాని చూస్తే తెలిసిపోతుంది. క్రిమి పోయినా పేగు సున్నితంగా మిగిలి నెలల తరబడి ఇబ్బంది పెట్టే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) కూడా ఉంది.

బరువు తగ్గుతున్నా, రక్తహీనత ఉన్నా, రాత్రి నిద్రలోంచి లేవాల్సి వస్తున్నా ప్రయాణాన్ని నిందిస్తూ కూర్చోవద్దు. అప్పటిదాకా దాగి ఉన్న సీలియాక్ (గోధుమ పడని పేగు జబ్బు), పేగు వాపు జబ్బు, పెద్దవయసులో పేగు క్యాన్సర్ ఇలా బయటపడవచ్చు. కొలనోస్కోపీ అవసరమా అని గ్యాస్ట్రో డాక్టరుని అడగండి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

మెడికల్ షాపులో ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర తెచ్చి రెండు వేసి ఆపేయడం. దక్షిణాసియా, ఆగ్నేయాసియా క్రిముల్లో ఓఫ్లాక్సాసిన్ జాతి మందులకి లొంగనివి చాలా ఉన్నాయి. పైగా ఆ రెండు మాత్రలతో కల్చర్ పాడవుతుంది. ఇప్పటికే వేసుకుని ఉంటే పేరు, మోతాదు, గంట కాగితంలో రాసి డాక్టరుకి చూపండి, దాచకండి.

విమానం ఎక్కాలని విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర వేసుకోవడం. రక్తం, జ్వరం లేని పెద్దవాళ్ళకి తాత్కాలికంగా పనికొస్తుంది. రక్తం లేదా జ్వరం ఉంటే, చిన్న పిల్లలకైతే వద్దు.

ఊరి ఆర్‌ఎంపీ దగ్గర రెండు సెలైన్లు ఎక్కించుకుని సరిపోయిందనుకోవడం. తాగగలిగిన మనిషికి ఓఆర్ఎస్ చాలు. తాగలేని మనిషికి రెండు సీసాలు చాలకపోవచ్చు. మూత్రం వస్తోందా లేదా అన్నదే కొలత.

కడుపుకి విశ్రాంతి అని పస్తు పెట్టడం. మెత్తటి అన్నం, ఇడ్లీ, అరటిపండు పెట్టండి. పిల్లలకి జింక్ 14 రోజులు, విరేచనాలు ఆగినా పూర్తిచేయాలి.

## 12. తిరిగి పనిలోకి

వంట, వడ్డన, పిల్లల సంరక్షణ పనుల్లో ఉన్నవాళ్ళు విరేచనాలు ఆగాక కూడా 48 గంటలు ఆ పని ముట్టుకోకూడదు. గల్ఫ్‌లో మెస్సుల్లో పనిచేసేవాళ్ళు జీతం కోత భయంతో ఇది చెప్పరు. మర్నాటికి గదిలో మిగతావాళ్ళు వరుసగా పడతారు. టైఫాయిడ్, షిగెల్లా తేలినవాళ్ళకి 48 గంటలు సరిపోవు. మళ్ళీ మలపరీక్ష నెగెటివ్ వచ్చేదాకా ఆగమనవచ్చు, డాక్టరు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు జబ్బు పడితే తేదీల కాగితం, ల్యాబ్ రిపోర్టులు, మందుల చీటీ ఫోటోలు తీసి ఫోన్‌లో ఉంచుకోండి. అక్కడికెళ్ళాక మళ్ళీ మొదలైతే ఆ దేశపు డాక్టరు మొదట అడిగేవి అవే.